జింక ఉంది, పంట ఉంది, రైతేడి?

ఒకే జర్నల్, అదే ఇద్దరు రచయితలు, అదే ఊరు. మధ్యలో తొమ్మిదేళ్లు. 1989లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో రంజిత్ మనకడన్, అసద్ రహ్మానీ రోళ్లపాడు అభయారణ్యం గురించి ఒక వ్యాసం రాశారు. బట్టమేక పిట్ట మీద ప్రత్యేక దృష్టితో అని శీర్షికలోనే చెప్పారు. 1998లో అదే జర్నల్లో వాళ్లిద్దరే రాసిన ఇంకో వ్యాసం వచ్చింది. ఈసారి శీర్షికలో పిట్ట లేదు. రోళ్లపాడులో కృష్ణజింకల వల్ల జరిగే పంట నష్టం అనే మాట ఉంది.

ఈ రెండు శీర్షికల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక నవల మొదటి భాగం, రెండో భాగం లాగా అనిపిస్తాయి. మొదటి దాంట్లో కథానాయిక పిట్ట. రెండో దానికొచ్చేసరికి జింక ముందుకొచ్చేసింది.

నేపథ్యం తెలియని వాళ్లకోసం కొంచెం చెప్తాను. రోళ్లపాడు ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో, మిడుతూరు మండలంలో ఉంది. 1988లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. అడవి కాదు, గడ్డి నేల. బట్టమేక పిట్ట మీటరు ఎత్తుంటుంది, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ పిట్టకోసం గడ్డిని కాపాడితే అదే గడ్డిలో జింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి, రైతులకు కోపం వచ్చింది. చుట్టూ వ్యవసాయమూ మారింది. ఇప్పుడు కొన్నేళ్లుగా అక్కడ ఆ పిట్ట కనిపించడం లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై లోపే అంటారు, అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో.

సాహిత్యం చదివేవాళ్లు ఇలాంటి పేపర్లు ఎందుకు చదవాలి? నాకు మొదట ‘స్టడీ ఏరియా’ అనే భాగం నచ్చింది. నేల రంగు, వాన ఎంత, ఏ గడ్డి, చుట్టూ ఏ పంటలు. మన ప్రబంధాల్లో పురవర్ణన ఉంటుంది కదా, దాదాపు అదే. తేడా ఏంటంటే ఇక్కడ ఏదీ ఇంకోదానికి ఉపమానం కాదు. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు తరిమేది కృష్ణసారాన్నే. ఆ పరుగు ఎంత అందంగా ఉన్నా, అక్కడ ఆ జింక పని రాజుని ఆశ్రమం దాకా తీసుకురావడమే. ఆ తర్వాత మన కవిత్వంలో జింక అంటే రెండు కళ్లు. పరిశోధనా వ్యాసంలో జింకకి కడుపు కూడా ఉంటుంది. అది గడ్డి మేసే జంతువు, దట్టమైన అడవిలోకి పోదు, దూరం నుంచే చూసి పరిగెత్తి తప్పించుకుంటుంది, అందుకే దానికి బయలు కావాలి. ఇవన్నీ తెలిశాక వేరుశనగ చేను దానికి ఎలా కనిపిస్తుందో అర్థమవుతుంది. పొట్టిగా, పచ్చగా, చుట్టూ ఖాళీగా. దొంగతనం అనే మాట మనది.

ఈ మెచ్చుకోలు ఆస్పరిలో మా మామ ముందు నిలబడలేదు.

రోళ్లపాడుకి ఆస్పరి వంద కిలోమీటర్ల పైనే. అక్కడ అభయారణ్యం లేదు, జింకలు మాత్రం ఉన్నాయి. ఆదోని నుంచి ఆలూరు దాకా ఎవర్ని అడిగినా చెప్తారు. విత్తనం మొలకెత్తిన రోజు నుంచి మామ రాత్రుళ్లు చేలోనే ఉంటాడు. టార్చిలైటు, ఒక ఖాళీ డబ్బా, ఒక కట్టె. ఫోన్లో పేపరు తెరిచి, పంట నష్టాన్ని ఇలా లెక్కేస్తారు మామా అని ఉత్సాహంగా చెప్పబోయాను. ఆయన మొత్తం విని, “పంట లెక్కేసినారు సరే అల్లుడా, నిద్ర లెక్కేసినారా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

అలాగని మామ చెప్పేదంతా ఒప్పుకోలేను. “జింకలు శానా ఎక్కువైనాయి” అంటాడు. చేలో ఎక్కువ కనిపించడం, సంఖ్య పెరగడం ఒకటి కాదు. ఒకప్పటి బీడు దున్నేశారు, గుట్టల మీద గాలిమరలొచ్చాయి. మేసే చోటు తగ్గితే అవే జింకలు చేలల్లోకి వస్తాయి. నిజంగా పెరిగాయా లేదా చెప్పాలంటే ఎవరో ఒకరు ఏటా అదే గీత వెంట నడవాలి, ప్రతి మందా ఎంత దూరంలో కనిపించిందో రాసుకోవాలి, కంటపడనివెన్నో అంచనా కట్టాలి. ఈ ఓపిక సైన్సుకి ఉంది. కోపంలో ఉన్న మనిషికి ఉండదు, ఉండమని అడగడం కూడా న్యాయం కాదు.

అందుకే నా ఫిర్యాదు రెండు వైపులా ఉంది. 1998 శీర్షికలో జింక ఉంది, పంట ఉంది, రైతు లేడు. పరిశోధనా వ్యాసాల వ్యాకరణమే అంత, నష్టం ‘జరుగుతుంది’, ఎవరికో ఒక మనిషికి జరగదు. మన సీమ కథల్లో దీనికి తలకిందులు. కరువుంది, అప్పుంది, ఫ్యాక్షనుంది, సుగ్గికి పోయే కుటుంబాలున్నాయి. జంతువంటే ఎద్దు, అదీ అమ్ముకునేటప్పుడు. చేలో పడే జింక ఎక్కడ? కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఒక్కటి వెంటనే గుర్తొస్తుంది. తన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయే ముసలాయన కథ. అక్కడ జంతువు సింబల్ కాదు, దాని లెక్కలు దానికుంటాయి. కానీ అది అడవి. మన చుట్టూ ఎక్కువగా ఉన్నది అడవీ కాని, ఊరూ కాని బీడు. దాన్ని రెవెన్యూ రికార్డులూ పనికిరానిదిగానే రాసుకున్నాయి, మన సాహిత్యమూ అలాగే వదిలేసింది. బట్టమేక పిట్ట పోతే దాని మీద తెలుగులో ఒక ఏడుపు పద్యం కూడా నా కంటపడలేదు.

ఆ రాత్రి మామతో చేలోనే పడుకున్నాను. రెండింటప్పుడు లేపి, టార్చి వేయకుండా చేత్తో చూపించాడు. నాకేమీ కనిపించలేదు.

“ఇర్రి. కుడి కొమ్ము విరిగింది. ముందర అదొక్కటే వచ్చి నిలబడి సూస్తాది. నేను లేస్తే పోతాది, పండుకుంటే మందనంతా పిలుస్తాది.”

“రోజూ అదేనా?”

“పోయినేడు గూడా అదే.”

నేను చదివిన పేపర్లలో ఆ ఇర్రి ఒక అంకెలో భాగం. నేను చదివిన కథల్లో అసలు లేదు. మామ దాన్ని గుర్తుపట్టగలడు, తిట్టగలడు, దానికంటే ముందు లేవగలడు. కానీ ఆయన రాయడు. రాయగలిగిన మనం ఆ టైముకి నిద్రపోతుంటాం.