రెండు కాన్పులు, రెండు తీర్పులు

కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలిందంటే ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే మాట ఒకటే: డాక్టరు తప్పు చేశారా? ఇదే ప్రశ్న బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు ముప్పై నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు వచ్చింది. 1980 డిసెంబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన వైట్‌హౌస్ తీర్పు ఒకటి, 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మాంట్‌గొమరీ తీర్పు రెండోది. మొదటిదాంట్లో డాక్టరు గెలిచారు, రెండోదాంట్లో తల్లి గెలిచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, గెలుపోటముల కన్నా పెద్ద తేడా ఒకటి కనిపించింది నాకు. ఆ తీర్పుల్లో తల్లి ఎక్కడ నిలబడి ఉందన్నదే ఆ తేడా.

ఇద్దరు తల్లులూ పొట్టివాళ్లే. మొదటామె నాలుగడుగుల పదిన్నర అంగుళాలు, రెండో ఆమె అయిదడుగులకు కాస్త పైన. ఇద్దరికీ కాన్పు కష్టం కావచ్చని డాక్టర్లకు ముందే తెలుసు. ఇద్దరి బిడ్డలకూ మెదడు దెబ్బతింది.

మొదటి కాన్పు 1970 జనవరిలో, బర్మింగ్‌హామ్‌లో జరిగింది. నొప్పులతో చాలా గంటలు గడిచాక, అర్ధరాత్రి దగ్గరపడుతుండగా డ్యూటీ డాక్టరు ఫోర్సెప్స్ వేశారు. నొప్పి వచ్చినప్పుడల్లా లాగుతూ అయిదారుసార్లు ప్రయత్నించి, బిడ్డ కిందికి రాకపోవడంతో ఆపి, పెద్దాపరేషన్ చేశారు. మరీ గట్టిగా, మరీ ఎక్కువసేపు లాగారన్నది అభియోగం. ఆ లాగుడుకి మంచం మీద నుంచి పైకి లేచిపోయానని తల్లి సాక్ష్యం చెప్పింది. కింది కోర్టు లక్ష పౌండ్ల పరిహారం ఇమ్మంది. అప్పీలు కోర్టు కొట్టేసింది, లార్డ్స్ ఆ కొట్టివేతనే ఖాయం చేశారు.

ఈ తీర్పులో వాదమంతా డాక్టరు చెయ్యి చుట్టూ తిరుగుతుంది. ఆ ఆసుపత్రి ప్రసూతి విభాగం ప్రొఫెసర్ తన నివేదికలో, ఆపరేషన్‌కు ముందు బిడ్డ తలను బిగింపు నుంచి వదిలించారన్న అర్థమొచ్చే మాట ఒకటి రాశారు. బిగుసుకుందంటే ఇరుక్కుపోయేదాకా లాగారనా, లేక తల గట్టిగా కుదురుకుందనా? ఆ ఒక్క మాట అర్థం మీద మూడు కోర్టులు తర్జనభర్జన పడ్డాయి. అప్పీలు కోర్టులో లార్డ్ డెనింగ్, వృత్తి నిపుణుడి అంచనా తప్పితే అది నిర్లక్ష్యం కాదని తేల్చేశారు. అమెరికాలోలాగా డాక్టర్ల మీద కేసులు వెల్లువెత్తుతాయన్నది ఆయన భయం. లార్డ్స్ ఆ మాటను సరిదిద్దారు. అంచనా తప్పడంలో క్షమించదగ్గవీ ఉంటాయి, నిర్లక్ష్యమనదగ్గవీ ఉంటాయి, ఏది ఏదో విడదీసి చూడాలన్నారు. ఈ కేసులో నిర్లక్ష్యం రుజువు కాలేదన్నారు. సరిదిద్దడం మంచిదే. కొన్ని నిమిషాల్లో, చేతికి తెలిసే బిగువును బట్టి ఆగాలో లాగాలో తేల్చుకోవాల్సిన మనిషిని తీరిగ్గా కూర్చుని తప్పుపట్టడం న్యాయం కాదు. అందులో లార్డ్స్‌తో నాకు పేచీ లేదు.

పేచీ తల్లిని చూపించిన తీరుతో. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన లార్డ్ విల్బర్‌ఫోర్స్ ఆమెను కంగారుపడే, మాట వినిపించుకోని, ఒక్కోసారి విరుచుకుపడే పేషెంటుగా పరిచయం చేస్తారు. నెలలు నిండుతుండగా లోపలి పరీక్షకూ, పక్కనుంచి తీసే ఎక్స్‌రేకూ ఒప్పుకోలేదని రాస్తారు. ఆ భయం వెనక ఏముందో చూడటానికి మాత్రం తీర్పు ఆగదు.

రెండో కాన్పు 1999 అక్టోబరులో, స్కాట్లాండ్‌లో జరిగింది. తల్లికి షుగర్. షుగరున్న తల్లుల బిడ్డలు తరచూ పెద్దగా పెరుగుతారు, తల వచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనక చిక్కుకునే అవకాశం నూటికి తొమ్మిది పది మందిలో ఉంటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. బిడ్డ మరీ పెద్దదేమో, కాన్పు అవుతుందా అని ఆమె పదేపదే బెంగపడింది. బరువు 3.9 కిలోలని అంచనా వేశారు. పుట్టాక చూస్తే 4.25. తల బయటికొచ్చాక భుజం చిక్కుకుంది. బిడ్డను తీయడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ కాసేపట్లో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింది, చేతికి వెళ్లే నరాలు కూడా దెబ్బతిన్నాయి.

చెబితే అందరూ ఆపరేషనే అడుగుతారని, అది తల్లులకు మేలు కాదని డాక్టరు వివరణ ఇచ్చారు. స్కాట్లాండ్ కోర్టులు రెండూ దాన్ని ఒప్పుకున్నాయి. ఆమె బెంగ పడిందే గానీ, ఫలానా ప్రమాదం ఉందా అని సూటిగా అడగలేదన్నాయి. సుప్రీంకోర్టు ఇక్కడే ఎదురు తిరిగింది. తెలియనివాళ్లకే తెలియజెప్పడం అవసరం, తెలియని సంగతిని వాళ్లు ఎలా అడుగుతారంది. చెప్పాల్సింది ఎంతో డాక్టర్ల ఆనవాయితీ తేల్చదు, ఆ తల్లి స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అదే తేలుస్తుందంది. ఆ కోర్టు న్యాయమూర్తి లేడీ హేల్ ఇంకో అడుగు వేసి, సహజ కాన్పే మేలన్న డాక్టరు నిర్ణయంలో వైద్యం కన్నా సొంత విలువలే ఎక్కువున్నాయని పట్టుకున్నారు.

మొదటి కేసులో చెయ్యి నిమిషాల్లో నిర్ణయించుకోవాల్సి వచ్చింది. రెండో కేసులో నోరు తెరిచి చెప్పడానికి వారాలున్నాయి. అందుకే రెండో తప్పు నాకు బరువుగా తోస్తుంది. అయితే మాంట్‌గొమరీ తీర్పులోనూ నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ఆ తల్లి సైన్సు చదివింది, మందుల కంపెనీలో పనిచేసింది. ఆమె తల్లీ, సోదరీ డాక్టర్లు. తీర్పు ఆమె తెలివిని గౌరవంగా చెబుతుంది. అంత చదువున్నామెకే చెప్పకపోతే, వేలిముద్ర వేసే తల్లికి ఎవరు చెబుతారు?

మరో కొరత రెండు తీర్పులదీ. ఒక బిడ్డకు పదేళ్లు తిరిగాక పైసా రాలేదు. ఇంకో బిడ్డకు పదిహేనేళ్ల తర్వాత యాభై రెండున్నర లక్షల పౌండ్లు వచ్చాయి. ఇద్దరికీ జీవితాంతం మనిషి సాయం కావాలి. తప్పు రుజువైతేనే సాయమంటే ఇంతే. జపాన్ 2009 నుంచి, కాన్పు సమయంలో మెదడు దెబ్బతిన్న అర్హులైన బిడ్డలకు తప్పుతో పని లేకుండా మూడు కోట్ల యెన్లు ఇస్తోంది. ఎందుకు జరిగిందో విచారించి ఆ నివేదికను తల్లిదండ్రుల చేతిలో పెడుతోంది. కోర్టులు ఇవ్వలేని ఊరట అది.

మన దగ్గర పరిస్థితి తలకిందులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్లే. అక్కడ కత్తి సంగతి దాచారు, ఇక్కడ కత్తే ముందుకొస్తోంది. అయినా ప్రశ్న మారదు: తల్లికి చెప్పి, ఆమె మాట విని చేశారా? 2008లో మన సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న 44 ఏళ్ల మహిళ గర్భసంచి తీయడానికి ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదంది. కానీ ఎంత చెప్పాలన్నది మాత్రం డాక్టర్ల ఆనవాయితీకే వదిలింది. థియేటర్ తలుపు దగ్గర భర్తో అత్తో హడావుడిగా పెట్టే సంతకం ఇంకా ఆ ఆనవాయితీ నీడలోనే ఉంది. ఆ అనుమతి కాగితం నెలలు నిండకముందే, తీరిగ్గా, కడుపుతో ఉన్న మనిషి చేతిలోకి వెళ్లాలి. ఆమె చదవలేకపోతే ఎవరైనా పక్కన కూర్చుని చదివి చెప్పాలి. బెంగగా ఉందని ఆమె అంటే, అదే ఆమె అడిగిన ప్రశ్న అనుకుని జవాబివ్వాలి.