పేతవత్థు: అక్షరార్థమా, అంతరార్థమా?

ఖుద్దకనికాయంలోని పేతవత్థును నేటి పాఠకులు రెండు విధాలుగా చదువుతున్నారు. ఆకలిదప్పులతో అలమటించే ప్రేతం లోభానికి ప్రతీక మాత్రమేనని కొందరంటారు. ఉన్నది ఉన్నట్లు చెప్పిన వృత్తాంతమని మరికొందరంటారు. గ్రంథంలోని 51 కథలలో దానానికి వెనుదీసిన పిసినిగొట్టులు తరచు ఎదురవుతారు గనుక మొదటి వాదం సులభంగా నిలబడుతుందనిపిస్తుంది. అయితే ఆ వాదం కథలలో సగాన్ని వదిలివేస్తుంది. ప్రేతం కేవలం ప్రతీక అయితే, దాని పేరిట బతికినవారు దానం చేయవలసిన అవసరమేమిటి? ప్రతీకకు ఎవరూ అన్నం పెట్టరు.

అక్షరార్థవాదులు మాత్రం అక్షరాన్ని చివరిదాకా చదువుతున్నారా? రెండవ వర్గంలోని మొదటి కథ, సంసారమోచక పేతివత్థు, ఇందుకు మంచి పరీక్ష. ఎముకలు తేలిన నగ్న ప్రేతస్త్రీ ఒకతె సారిపుత్తునికి ఎదురవుతుంది. దానం చేయమని చెప్పే తల్లి గాని, తండ్రి గాని, బంధువు గాని తనకు లేకపోయారని ఆమె మొర. (పాపాన్ని వర్ణించడం కంటె ఈ లోటును చెప్పడంలోనే కథకుని కరుణ కనిపిస్తుంది.) సారిపుత్తుడు ఆమె పేరిట భిక్షువులకు ఒక ముద్ద అన్నం, అరచేతి వెడల్పు గుడ్డ, ఒక పాత్ర నీరు ఇస్తాడు. ఆమెకు దక్కినవి దివ్యాహారం, నందరాజు రాజ్యంలో ఉన్నవాటికంటె ఎక్కువైన వస్త్రాలు, తామరలు పూచిన కొలనులు. ఇచ్చిన గుడ్డే అక్కడికి చేరి ఉంటే అది అరచేతి వెడల్పే ఉండాలి. ఇచ్చినదీ అందినదీ ఒకటి కావని కథ కొలతలతో సహా చెబుతున్నది.

ఈ వివాదానికి ఆంధ్రదేశంతో సంబంధం ఉంది. ఇక్కడ ఇచ్చినదానితోనే ప్రేతలు అక్కడ జీవిస్తారన్న వాదాన్ని కథావత్థు ఏడవ వర్గం ఖండించింది. దాని అట్ఠకథ ఆ వాదాన్ని అంధక శాఖలైన రాజగిరికులకు, సిద్ధత్థికులకు ఆపాదించింది. తిరోకుడ్డ గాథలోని మాటను వారు యథాతథంగా గ్రహించి, చీవరాదులే పరలోకంలో జీవనాధారమన్నారు. ఒకరు చేసినదాన్ని మరొకరు అనుభవిస్తారంటే కర్మసిద్ధాంతమే కూలుతుందని థేరవాదుల అభ్యంతరం. ప్రేతం ఆ దానాన్ని చూసి అనుమోదిస్తుంది. ఆ సంతోషం ప్రేతం సొంత కర్మ, ఫలం దానిదే. గమనించవలసినది, ఈ చర్చలో ప్రేతలు లేవని ఏ పక్షమూ అనలేదు. పేచీ అంతా దానం పనిచేసే తీరు గురించే. నేటి ప్రతీకవాదం ఈ రెండు పక్షాలకూ పరాయిది.

అంగుత్తరనికాయంలో జానుస్సోణి అనే బ్రాహ్మణుడు శ్రాద్ధదానం పితరులకు చేరుతుందా అని సూటిగానే అడిగాడు. ప్రేతగతిలో ఉన్నవారికే అందుతుందని, నరకంలోనో దేవలోకంలోనో మనుష్యులలోనో పుట్టినవారికి అందదని బుద్ధుని సమాధానం. ఆ గతిలో బంధువెవరూ లేకున్నా దాతకు ఫలం తప్పదన్నాడు. మరణించినవారి ఇంట తిరోకుడ్డ సుత్తం పఠించే భిక్షువును గృహస్థుడు అడిగే ప్రశ్న కూడా జానుస్సోణిదే: “మా అమ్మకు అందుతుందా, భంతే?” ఇది లోభానికి ప్రతీక అని ఆ ఇంట చెప్పడం ప్రశ్నను తప్పించుకోవడం, పెట్టిన అన్నమే ఆమె తింటుందనడం కథావత్థు తోసిపుచ్చిన మాట.