చేతులు కట్టుకొన్న విద్యార్థి: శరీరభాషా గ్రంథాలపై ఒక విమర్శ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయుడు పేరు పెట్టి పిలిచినపుడు విద్యార్థి లేచి, రెండు చేతులు రొమ్ముపై కట్టుకొని, చూపు కొంచెం దించి సమాధానం చెప్పటం చిరకాలంగా మనం చూస్తున్నదే. ఇది వినయానికి గుర్తని మనలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, ఉద్యోగం కొరకు హైదరాబాదులో నలుగురు అధికారుల ఎదుట అదే విధంగా కూర్చున్నాడనుకొందాం. శరీరభాషను గురించిన పుస్తకం చదివిన అధికారి, "ఇతడు మనసు విప్పటం లేదు; ఏదో దాచుచున్నాడు" అని తేల్చివేయవచ్చును. ఒకచోట వినయమైనది మరొకచోట కపటమెట్లయినది? ఇట్టి తీర్పులకు ఆధారమగుచున్న పుస్తకాలను ఒకసారి పరీక్షించి చూడవలెను.

జూలియస్ ఫాస్ట్ 1970లో ప్రకటించిన "బాడీ లాంగ్వేజ్" ఈ విషయాన్ని సామాన్య పాఠకుల వద్దకు తెచ్చినది. 1981లో ఆలన్ పీజ్ అదే పేరుతో మరొక పుస్తకం వ్రాసినాడు. తరువాత ఇట్టివి వందలుగా వచ్చినవి. వీటివలన కలిగిన మేలును మొదట ఒప్పుకొనవలెను. మాటలనే గాక మనిషి నిలుచున్న తీరును, చేతులను, చూపును కూడ గమనించవలెనని ఇవి నేర్పినవి. వ్యాపారికీ, ఉపాధ్యాయునికీ, వైద్యునికీ ఇది ఉపయోగించే అలవాటే.

లోపమంతా పద్ధతిలో ఉన్నది. ఒక్క కదలికను బట్టి నిర్ణయించరాదనీ, పరిస్థితిని కూడ చూడవలెననీ పీజ్ స్వయంగా హెచ్చరించినాడు. చలికి కూడ మనిషి చేతులు కట్టుకొనునని అతనికి తెలియును. కాని తరువాతి పుటలలో ఈ భంగిమకు ఈ అర్థమని వరుసగా చెప్పుకొంటూ పోవుటచే పాఠకునికి హెచ్చరిక మరుగునపడి, పట్టిక మాత్రం మనసులో నిలుచును. చేతులు కట్టుకొనటం ఆత్మరక్షణమనే సూత్రం ఇట్లే ఊరూరా ప్రచారమైనది. మన నాట్యశాస్త్రకారులు ఇంతకంటె జాగ్రత్తపడినారు. అభినయదర్పణంలో పతాకమనే ఒక్క హస్తానికే మేఘం, అడవి, రాత్రి, నది, గుర్రం మొదలైన అనేక వినియోగాలు చెప్పినారు. ఏది ఎప్పుడు గ్రహించవలెనో సందర్భమే నిర్ణయించును. రంగస్థలం మీద పాటించే ఈ న్యాయాన్ని బ్రతుకులో విడిచిపెట్టరాదు గదా!

ఇక చూపు సంగతి. అబద్ధమాడువాడు కండ్లలోకి చూడలేడనే నమ్మకం మనకే గాక దాదాపు ప్రపంచమంతటికీ ఉన్నది. 58 దేశాలలో జరిపి 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో, అబద్ధాన్ని ఎట్లు గుర్తింతురని అడుగగా, అన్నిటికంటె ఎక్కువగా వచ్చిన సమాధానం ఇదే. నమ్మకం ఎంత విస్తృతమైనా అది రుజువు కాజాలదు. బెల్లా డిపాలో మొదలైనవారు అంతవరకు జరిగిన ప్రయోగాలను కూర్చి, 158 లక్షణాలను పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రకటించినారు. చూపు తప్పించుటకును అబద్ధమునకును చెప్పుకోదగిన సంబంధం వారికి కనిపించలేదు. 2006లో వెలువడిన మరొక సమీక్షలో, సత్యాసత్యాలను గుర్తించుటలో మనుషులు సగటున నూటికి 54 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగినారని తేలినది. బొమ్మా బొరుసా వేసి చెప్పినా నూటికి 50 సార్లు సరిపోవును!

శిక్షణ తరగతులలో తరచుగా వినిపించే మరొక వాక్యం, "భావవ్యక్తీకరణలో మాటలకు 7 పాళ్లు, కంఠస్వరానికి 38 పాళ్లు, ముఖానికి 55 పాళ్లు" అన్నది. ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్, అతని సహచరులు 1967లో ప్రకటించిన రెండు ప్రయోగాలనుండి పుట్టినవి. విడివిడి మాటలను వేర్వేరు స్వరాలతో వినిపించి, ఒక ప్రయోగంలో ముఖాల ఛాయాచిత్రాలను కూడ చూపి, పలికినవారికి ఎదుటివారిపై ఇష్టమా, అయిష్టమా అని అడిగినారు. మాట ఒకటి చెప్పుచుండగా ముఖం మరొకటి చెప్పినపుడు వినువారు దేనిని నమ్ముదురన్నదే వారి ప్రశ్న. ఆ అంకెలు ఇష్టాయిష్టాలకే వర్తించునని మెహ్రాబియన్ తానే స్పష్టం చేసినాడు. దీనిని సమస్త సంభాషణకు అంటగట్టుట ఎంత అసంగతమో మన నడిగడ్డలో విత్తనపత్తి పండించే రైతును తలచుకొన్న తెలియును. ఒప్పందంపై సంతకం చేసేముందు ధర ఎంత, తూకం ఎవరిది, డబ్బు ఎప్పుడు ఇత్తురు అన్నవి అతడు తెలుసుకొనవలెను. ఇవన్నీ మాటలలోనే ఉన్నవి. మధ్యవర్తి చిరునవ్వులో 55 పాళ్లున్నవని నమ్మిన రైతుకు పంటకాలం చివర మిగిలేది చిరునవ్వే!

అసలు పరిశోధకులు పట్టికలవారివలె తొందరపడలేదు. ఎడ్వర్డ్ హాల్ 1966లో వ్రాసిన గ్రంథంలో మనుషుల మధ్య ఉండే దూరాలను నాలుగుగా విభజించినాడు. ఒకటిన్నర అడుగు వరకు ఆంతరంగికులకు, నాలుగడుగుల వరకు స్నేహితులకు, పన్నెండడుగుల వరకు వ్యవహారాలకు, అంతకు మించినది సభలకు. కాని ఇవి ప్రధానంగా అమెరికా ఈశాన్యతీరపు మధ్యతరగతివారిని చూచి వేసిన లెక్కలని అతడే వ్రాసినాడు. ఆ మాట జారిపోయి, అంకెలు మాత్రం లోకమంతటికీ కొలబద్దలైనవి. పెబ్బేరు సంతలో ఎద్దుల మధ్య భుజాలు రాచుకొనుచు బేరమాడు రైతులకు పన్నెండడుగుల మర్యాద ఎక్కడ దొరకును?

వ్యాపారంలో శరీరం నిజంగా భాషగా పనిచేసిన ఉదాహరణ మన పొరుగుననే ఉన్నది. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో దక్కను వజ్రపు గనులను దర్శించి, 1676లో తన ప్రయాణాలను ప్రకటించినాడు. అతడు "రావల్‌కొండ" అని వ్రాసిన గనిని, 1889లో ఆ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించిన వాలెంటైన్ బాల్ రామళ్లకోటగా గుర్తించినాడు. దీనిపై భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. రామళ్లకోట గద్వాల సీమకు తుంగభద్ర ఆవల, కర్నూలుకు దక్షిణంగా ఉన్నది. అక్కడ అమ్మువాడు, కొనువాడు ఎదురెదురుగా కూర్చుండి, బట్ట కింద చేతులు కలిపి, నోట మాట లేకుండ బేరమాడెడివారట. అరచేయి మొత్తం పట్టుకొన్న వేయి. అయిదు వ్రేళ్లు పట్టిన అయిదు వందలు. ఒక వ్రేలు నూరు. నడిమి కణుపు వరకు ఏబది. కొన మాత్రం పది. చుట్టూ జనమున్నా, ఒకే రత్నాల మూట ఏడెనిమిది సార్లు చేతులు మారినా, ధర ఎవరికీ తెలిసెడిది కాదు. అంతకు పూర్వమే, 1510లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఇటలీ దేశస్థుడు వర్తేమా, కోళిక్కోడు వర్తకులలో ఇట్టి ఆచారమే వర్ణించినాడు. తువ్వాలు కింద వ్రేళ్లు పట్టి పశువుల ధర తేల్చుకొనటం మన సంతలలో పెద్దలు ఎరిగినదే.

ఇందలి శాస్త్రవిషయం గమనింపదగినది. ఈ వ్రేళ్లకు అర్థం కలిగినది ఉభయులు ముందే ఒప్పుకొన్నందున. ఒప్పందం తెలియనివాడు ఆ చేతిని పట్టుకొని చూచినా వానికి తెలిసేది దాని వెచ్చదనం మాత్రమే. కనుక శరీరచిహ్నాలు రెండు విధాలు. చెమట, వణకు, ముఖం ఎర్రబారటం వంటివి దేహస్వభావం వలన కలుగు లక్షణాలు. నమస్కారం, తల ఊపటం, చేతులు కట్టుకొనటం, జపానులో పరిచయపత్రాన్ని రెండు చేతులతో అందించటం వంటివి సమాజం ఏర్పరచుకొన్న సంకేతాలు. బల్గేరియాలో తల పైకెత్తిన కాదని, అటూ ఇటూ ఆడించిన ఔనని అర్థం. పట్టికల పుస్తకాలు సంకేతాన్ని లక్షణంగా భ్రమించును. లక్షణాన్ని సైతం తొందరపడి చదువును. వణకు చూచి భయమని ఊహింపవచ్చును గాని, ఆ భయం దోషమువలననో, కొత్త గదివలననో వణకు చెప్పజాలదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని పాఠంగా మార్చవచ్చును. విద్యార్థులను సంతకో, బస్సు స్టాండుకో పంపి, చూచినదానిని ఒక వరుసలోను, ఊహించిన అర్థాన్ని వేరొక వరుసలోను వ్రాయుమనండి. వీలైనచోట ఆ మనిషినే అడిగి అర్థం సరిచూడుమనండి. రెండు వరుసల మధ్య ఉన్న దూరమే శాస్త్రదృష్టికి తొలిపాఠం. నగరపు మర్యాదలు కూడ వారికి నేర్పవలసినవే. కొత్త ఊరికి పోవువాడు ఆ ఊరి మాట నేర్చుకొనుట న్యాయం. అయితే ఎదుట కూర్చున్న అధికారి కూడ పాలమూరు పిల్లవాని సంకేతం ఏమిటో తెలుసుకొని తీర్పు చెప్పుట అంతకంటె న్యాయం. సందేహం కలిగినచోట అతడు చేయదగిన పని సులభమైనదే: బాలుని చేతులను చదువుటకు బదులు, మరొక ప్రశ్న అడిగి, సమాధానం వినవలెను.