పడేవాడి పనితనం

సూర్యాపేట, కోదాడల్లో హైవే మీద ఆగిన లారీ డ్రైవర్లు, మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో పొద్దంతా బస్తాలు మోసిన హమాలీలు సెకండ్ షోకి టికెట్ కొనేది ఫైట్ల కోసం. దెబ్బ తగిలినట్టుందా, లేదా అన్నదే వాళ్ల కొలత. చిన్న బడ్జెట్ యాక్షన్ సినిమాకు అంతకంటే న్యాయమైన కొలత లేదంటాను.

1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘రౌడీ రాణి’నే తీసుకోండి. పగ తీర్చుకునే కథ, అంతే. కానీ హీరో చేయాల్సిన పోరాటాలను నటి విజయలలిత చేతిలో పెట్టారు దాస్. ఆ తెగువకు డబ్బు అక్కర్లేదు. ఆయనే 1972లో దాన్ని ‘రాణీ మేరా నామ్’గా హిందీలోనూ తీశారు.

ఇక అసలు పనితనం. పిడికిలి ముఖానికి జానెడు దూరంలోనే ఆగుతుంది. ఆ ఖాళీని కెమెరా కోణం దాచేస్తుంది. సరిగ్గా ఆ క్షణానికే ఎదుటివాడు తల విసరాలి, ఒళ్లు వదిలేసి కూలాలి. అర క్షణం ముందు తిప్పితే థియేటర్ మొత్తం నవ్వుతుంది. ‘ఢిష్యుం’ తర్వాత కలిపేదే. నన్నడిగితే, ఫైటును నిలబెట్టేది పడేవాడే. అతని పేరు పోస్టర్ మీద ఉండదు.

ఈసారి పాత ఫైటు చూసేటప్పుడు హీరోను కాసేపు వదిలి, అతన్ని చూడండి.