అభ్యుదయ దృష్టియు హరిత దృష్టియు: రాయచూరు అంతర్వేది సాక్ష్యము

1943లో తెనాలి సభలతో ఆరంభమైన అభ్యుదయ రచయితల సంఘము తెలుగు సాహిత్యమునకు ఒనర్చిన మేలు తక్కువది కాదు. అంతకుముందు కావ్యములలో అరుదుగా కనిపించిన కూలియు, రైతును, కార్మికుడును దాని మూలమున నాయకస్థానము నందుకొనిరి. పంట ఎవరిది, భూమి ఎవరిది అను ప్రశ్నను ఆ సాహిత్యము గట్టిగా వేసినది. అయితే ఆ భూమి ఎంతవరకు ఓర్చుకొనగలదను ప్రశ్న అందు వినబడుట అరుదు. 1950లో గ్రంథరూపమున వెలువడిన ‘మహాప్రస్థానము’లోని ‘ప్రతిజ్ఞ’ను చూచిన ఈ సంగతి తెలియును. పొలమును, గనియు, కర్మాగారమును అందు ఒకే శ్రమకు రంగస్థలములు. కొలతకు వచ్చినది చెమట, నేల కాదు. భావకవుల ప్రకృత్యారాధనపై తిరుగుబాటుగా పెరిగిన ఉద్యమమునకు చెట్టును గూర్చి పలుకుటయే పలాయనముగ తోచియుండును. దాని లోపము దాని గుణమునందే ఇమిడియున్నది.

ఈ లోపము పుస్తకములకే పరిమితమైనచో చర్చ అవసరము లేకపోవును. అది పొలములలో ఏమి చేసినదో తెలిసికొనుటకు కృష్ణా తుంగభద్రల నడిమి దేశము తగిన చోటు. రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిది. తెలుగును కన్నడమును పక్కపక్కనే పలికెడి సీమ. దేవదుర్గము వైపునున్న అరకేర పేరు వినగనే కన్నడమున చెరువునకు పేరైన ‘కెరె’ స్ఫురించును. వానను నిలుపుకొని జొన్నయు కందియు పండించుకొనిన మెట్టసీమకు తగిన పేరే. ఆ సీమకు దక్షిణమున 1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమైనది. ఉత్తరమున కృష్ణపై నారాయణపురము ఆనకట్ట 1982లో పూర్తియై, దాని కుడికాలువ దేవదుర్గ ప్రాంతమునకు నీరు తెచ్చినది.

తుంగభద్ర ఎడమకాలువను రూపొందించినవారి ఉద్దేశము వరి కాదు. కొలదిపాటి నీటిని విశాలమైన నేలకు పలుచగా పంచి, జొన్న, పత్తి వంటి పైరులను కరవునుండి కాచుట వారి లక్ష్యము. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి తరలివచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములలో ‘క్యాంపు’లు వేసికొనిన తెలుగు రైతులు నల్లరేగడిలో వరి నాటిరి. వారి శ్రమయు నేర్పును శంకింపరానివి. వరిలో లాభము చూచిన స్థానికులు కూడ వారిని అనుసరించిరి. కాలువ మొదటి భాగమున పెక్కు పొలములు నీరూరి చౌడుబారినవి. చివరనున్న రాయచూరు వైపు పొలములకు నీరందుటయే కష్టమైనది.

ఇట్టి చోట రైతు ఉద్యమములు ముఖ్యముగ కోరినది చివరి ఆయకట్టునకు నీరు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే ఏ పైరుకు నీరు అను ప్రశ్నకు ఆ ముఖ్యత దక్కలేదు. అడిగినచో మొదటి ఆయకట్టు రైతు దూరమగును గదా! ఈ లోపల పంచవలసిన నీరే తరుగుచున్నది. ఆరంభమున సుమారు 133 శతకోటి ఘనపుటడుగులు పట్టిన తుంగభద్ర జలాశయము, పూడికచే 2016 కొలతనాటికి సుమారు 105కు తగ్గినది. 2024 ఆగస్టులో దాని గేటొకటి కొట్టుకొనిపోయినపుడు ఎంత నీరు వృథాయైనదని అందరును లెక్కవేసిరి. ఏండ్ల తరబడి పేరుకొనిన పూడిక అంతటి కలవరము కలిగింపలేదు.

విచిత్రమేమనగా, ఈ దృష్టి అభ్యుదయవాదులకు పరాయిది కాదు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటములోనే మార్క్సు, పెట్టుబడిదారీ సేద్యము కార్మికునితోపాటు నేల సారమును కూడ దోచునని వ్రాసెను. శిష్యులు మొదటి దోపిడిని పట్టుకొని రెండవదానిని విడిచిరి.

హరితవాదులు నిర్దోషులని దీని అర్థము కాదు. జర్మనీలో 1980లో పక్షముగా ఏర్పడి 1983లో పార్లమెంటులో ప్రవేశించిన ఆ రాజకీయము ధనికదేశపు ప్రశ్నలనుండి పుట్టినది. అరకేర వంటి మెట్టయూరిలో నిలిచి ఆనకట్టలన్నియు అపరాధములని చెప్పుట కడుపునిండిన వాని పలుకు. రెండు దృష్టులును కలిసిన చోటు తెలుగుదేశమున వేరొకటి యున్నది. శ్రీకాకుళము జిల్లా సోంపేటలో 2010 జూలై 14న విద్యుత్కేంద్రము నెదిరించిన రైతులును, మత్స్యకారులును తమ బీలను ప్రకృతిశోభకై కాపాడలేదు. అది అన్నము పెట్టినది గనుక కాపాడిరి. ఆనాటి కాల్పులలో ప్రాణములు పోయినవి. భూమి ఎవరిది, భూమి ఎంత ఓర్చును అను ప్రశ్నలు వారికి రెండు కావు.

రాయచూరు క్యాంపులలో ఆ రెండును ఇంకను వేరువేరుగనే యున్నవి. కోస్తా రైతు రేగడిని వెదకికొనుచు వలసపోయిన కథను చంద్రలత ‘రేగడి విత్తులు’ నవల చెప్పినది. దానికి 1997లో తానా బహుమతి వచ్చినది. చౌడుబారిన మడిగట్టుపై నిలిచి, కాలువ చివరి ఎండుపొలమును కూడ తనదిగా చూచు తెలుగు రైతు కథ అభ్యుదయ పక్షమునుండి రావలసియున్నది.