ఆటలో దిగిన మిషనరీలు

మతసేవ అనగానే ముడుచుకున్న ముఖమూ, ఉపవాసాలతో ఎండిన దేహమూ, నవ్వును సైతం పాపాల పద్దులో రాసే చూపూ గుర్తుకు రావడం లోకసహజమే అయినా, క్రైస్తవ మిషనరీల చరిత్రలో ఆ ఊహను తలకిందులు చేసిన సంప్రదాయం ఒకటున్నది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పునీత డాన్ బోస్కో (1815-1888) నెలకొల్పిన సలేషియన్ సభది ఆ సంప్రదాయం. ‘డాన్’ అనేది అక్కడ గురువుల పేర్లకు ముందు చేర్చే గౌరవపదం. ఆయన అసలు పేరు జొవాన్ని బోస్కో. మిషనరీ జీవితంలో ఆనందాన్ని సంగీతంలాగా, సాములాగా సాధన చేసి పట్టుకోవలసిన విద్యగా ఎంచి, దానికి నియమాలూ మెళకువలూ ఏర్పరచిన వారిలో వీరికి సాటి రాగలవారు లేరని చెప్పడం అతిశయోక్తి కాబోదు.

దీని మూలాలు 16వ శతాబ్దపు రోము నగరంలో ఉన్నాయి. అక్కడి పునీత ఫిలిప్ నేరి యువకులను వెంటబెట్టుకొని ఏడు దేవాలయాల యాత్ర చేయించేవారు. ఆ యాత్రలో ప్రార్థనతోపాటు పాటలూ, దారి మధ్య వనభోజనమూ ఉండేవి. జనం తనను మహాత్ముడని పొగడడం ఎక్కువైతే ఆయన సగం గడ్డం గీయించుకొని వీధిలోకి వచ్చేవారట. ఆయన ప్రార్థనా కూటములకున్న ‘ఒరేటరీ’ అన్న పేరే తరువాతి కాలంలో డాన్ బోస్కో పిల్లల కూటమికీ వచ్చింది. సభ పేరు మాత్రం సౌమ్యతకు మారుపేరైన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ నుంచి తీసుకున్నది. వీరికి ఎదురుగా నిలిచినది జాన్సెనిజం, అంటే మనిషి పాపస్వభావాన్నే పదేపదే ఎత్తిచూపుతూ భయాన్నీ కఠిననిష్ఠనూ నూరిపోసే ధోరణి. దాని నీడలో పెరిగిన గురువులు దారిలో ఎదురైన పిల్లలను పలకరించకుండా సాగిపోవడం బాల బోస్కో మనసును నొప్పించింది. ఆ నొప్పిలోంచే ఈ సంప్రదాయం పుట్టిందని చెప్పాలి.

ఇందులో మొదటి విద్య గారడీ. బెక్కీ అనే పల్లెలో, తండ్రి లేని పేద రైతు కుటుంబంలో పెరిగిన బోస్కో సంతలకు పోయి గారడీవాళ్ల చేతివేగాన్ని కన్నార్పకుండా గమనించి, పదకొండేళ్ల ప్రాయానికే తాడుమీద నడకా, చేతులమీద నడకా, పిల్లిమొగ్గలూ, కనికట్టూ పట్టేశారు. మన పల్లెల్లో దొమ్మరాట చూసినవారికి అది ఎంత కఠోర సాధనతో వచ్చే విద్యో వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన ప్రదర్శనకు రుసుము మాత్రం విచిత్రమైనది: చూడవచ్చినవారు ముందు జపమాల చెప్పాలి, ఆదివారం గుడిలో విన్న ప్రసంగాన్ని ఆ పిల్లవాడి నోట మళ్లీ వినాలి, ఆ తరువాతే తాడు బిగిసేది. ప్రార్థననూ వినోదాన్నీ ఒకే తాడు పేటలుగా పేనిన ఆ నేర్పు మామూలుది కాదు.

1832లో కియెరి పట్టణంలో చదువుకుంటూ ఆయన ‘ఆనంద సమాజం’ అనే మిత్రబృందాన్ని కూర్చారు. క్రైస్తవుడికి తగని మాటా చేతా ఉండకూడదు, చదువులోనూ భక్తిలోనూ తన విధి తాను నెరవేర్చాలి, ఎల్లప్పుడూ ఉల్లాసంగా ఉండాలి అన్నవే దాని నియమాలు. ఆ రోజుల్లోనే ఒక గారడీవాడు ఆరాధన వేళకు ఆట మొదలుపెట్టి పిల్లలను గుడికి దూరం చేస్తుంటే, బోస్కో అతనితో పందెం కట్టి పరుగులో, కాలువ దూకడంలో, కర్రను వేళ్లమీద ఆడించడంలో, చెట్టెక్కడంలో వరుసగా నాలుగుసార్లు ఓడించారు. ఇరవై, నలభై, ఎనభై, నూరు చొప్పున పెరిగిన పందెం చివరికి 240 ఫ్రాంకులైంది. అతని మూట ఖాళీ అయ్యాక మాత్రం మిత్రులందరికీ ఒక పూట విందు పెట్టిస్తే చాలునని తేల్చి, ఆ ఖర్చు 25 ఫ్రాంకులు పోను మిగిలిన 215 ఫ్రాంకులనూ తిరిగి ఇచ్చేశారు. పోటీలో గెలవడం చాలామందికి చేతనవుతుంది. ఓడినవాడిని నవ్వుతూ విందు పంక్తిలో కూర్చోబెట్టడమే ఈ విద్యకు పరాకాష్ఠ. ఆయనది మంత్రవిద్యేమోనన్న అనుమానంతో ఒక పెద్ద గురువు పిలిపించి విచారించబోగా, ఆ గురువుగారి గడియారమూ డబ్బు సంచీ అప్పటికే మాయమయ్యాయి. బోస్కో వాటిని తిరిగి అప్పగించి, అందులోని కిటుకును దాచకుండా విప్పిచెప్పారు. కనికట్టును కనికట్టుగానే ఒప్పుకోవడం ఈ సంప్రదాయంలో మొదటి నీతి. ఇంద్రజాలికులు ఆయనను తమకు రక్షక పునీతుడిగా తలచుకోవడంలో వింతేమీ లేదు.

రెండవ విద్య ఆటస్థలం. 1846లో ట్యూరిన్ శివారు వల్‌దొక్కోలో ఒక పాత కొట్టం అద్దెకు దొరికినప్పటి నుంచీ, పనికోసం నగరానికి వలసవచ్చిన అనాథ కుర్రాళ్లకు అక్కడి పెరడే బడి, అదే గుడి ముంగిలి. 1877లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఈ పద్ధతికి ‘నివారణ విధానం’ అని పేరు పెట్టింది. తప్పు జరిగాక దండించే అణచివేతకు ప్రతిగా, తప్పుకు తావే లేకుండా వెన్నంటి ఉండడం దాని సారం. వివేకం, మతం, వాత్సల్యం దానికి మూడు కాళ్లు. వెన్నంటి ఉండడమంటే గట్టున నిలబడి కాపలా కాయడమని అపార్థం చేసుకునేవారే ఎక్కువ. పెద్దలు ముందుగా ఆటలో దిగాలన్నదే అసలు విషయం. యాభై మూడేళ్ల వయసులో ఆయన పిల్లలందరితో పరుగుపందెం వేసి గెలిచారని సలేషియన్లు నేటికీ కథలుగా చెప్పుకుంటారు. 1855లో బాలనేరస్థుల జైలు నుంచి దాదాపు 300 మందిని భటులు లేకుండా ఒక రోజు వాహ్యాళికి తీసుకుపోతే, సాయంత్రానికి ఒక్కడూ తప్పిపోకుండా తిరిగివచ్చారన్నది వారి నోట ఇంకా గర్వంగా వినిపించే కథ.

మూడవ విద్య పాటా, నాటకమూ. సంగీతం లేని ఒరేటరీని ఆయన ప్రాణంలేని దేహంగా ఎంచేవారు. శరదృతువులో బ్యాండు వాయిద్యాలూ నాటక సామగ్రీ వెంటబెట్టుకొని పిల్లల గుంపులను మోన్‌ఫెరాతో కొండపల్లెల మీదుగా రోజుల తరబడి నడిపించేవారు; ఏ ఊరు చేరితే ఆ ఊరి గుడిలో పూజకు పాటలు, సాయంత్రం కూడలిలో నాటకం. ప్రభుత్వం కొత్తగా మెట్రిక్ కొలతలను అమలులోకి తెస్తున్న 1849లో, ఆ కొలతలను జనానికి నేర్పడానికి హాస్య సంభాషణలు రాసి పిల్లలచేత ఆడించిన ఘనత ఆయనది. లెక్కల పాఠానికి నవ్వుల వేషం తొడగగలిగినవాడికి ధర్మపాఠం చెప్పడం ఒక లెక్కా? రోజంతా ఇంత సందడి సాగాక, నిద్రకు ముందు పెద్దాయన చెప్పే రెండు మూడు నిమిషాల ‘శుభరాత్రి’ మాట ఆనాటి ఆటనూ పాటనూ ప్రార్థనలోకి మళ్లించేది. ఈ ఆచారాన్ని ఆయన తల్లి మార్గెరీతా మొదలుపెట్టిందని చెబుతారు.

ఈ విద్యలన్నీ 1875 నవంబరులో జెనోవా రేవు నుంచి ఓడెక్కి అర్జెంటీనాకు చేరాయి. ఆ తొలి మిషనరీ బృందానికి నాయకుడైన జొవాన్ని కలియెరో స్వయంగా స్వరకర్త. వల్‌దొక్కో పెరట్లో పాడుతూ పెరిగి, పటగోనియాలో సేవచేసి, 1915లో కార్డినల్ అయ్యారు. బ్రెజిల్‌లో సలేషియన్లు తర్ఫీదిచ్చిన బొరోరో ఆదివాసీ బాలుర బ్యాండు 1908లో రియో డి జనీరో జాతీయ ప్రదర్శనలో వాయించి నగరవాసులను నివ్వెరపరచింది. అందరికంటే పైమెట్టున నిలపవలసినవారు మాత్రం విన్‌చెంజో చిమాత్తి. 1926లో నలభై ఆరేళ్ల వయసులో జపానులో అడుగుపెట్టి, రాని భాషను కుస్తీపట్టి నేర్చుకుంటూనే పియానో ముందు కూర్చొని ఊరూరా కచేరీలు చేసి, ప్రసంగానికి తలుపు తీయని ఇళ్లలోకి పాటతో ప్రవేశించారు. 1940లో జపాను భాషలోనే ‘హొసొకావా గరాషా’ అనే ఒపేరాకు, అంటే ఆద్యంతం పాటగా సాగే నాటకానికి, ఆయన సంగీతం కూర్చారు. పరాయి దేశపు చరిత్రలోని గరాషా అనే వీరవనితను ఆ దేశం భాషలోనే పాడించిన మిషనరీకి ఏ బిరుదు చాలుతుంది?

మన దేశానికి సలేషియన్లు 1906లో తంజావూరు ద్వారా వచ్చారు. తెలుగునాట విజయవాడలోని నవజీవన్ బాలభవన్, రైల్వే ప్లాట్‌ఫారాల మీదా వీధుల్లోనూ బతికే పిల్లలకోసం చేస్తున్న పని ఈ పరంపరలోదే. ఇల్లు విడిచివచ్చిన పిల్లవాడికి ఉపదేశాలు అక్కరకు రావు. తనతో ఆడేవాడి మీద మాత్రం వాడికి నమ్మకం కుదురుతుంది.

ఇంతటి విద్య నేడు ఎక్కడికక్కడ చౌకబారు నకళ్ల పాలవుతున్నది. చెవులు చిల్లులుపడే స్పీకర్లు, పొగ యంత్రాలు, గంటకింత చొప్పున మాట్లాడుకొని తెచ్చిన మెజీషియనూ యాంకరూ ఉంటే ఆనందం వచ్చేసినట్టేనని నమ్ముతున్నారు. ఆ హోరులో మిషనరీ మాత్రం మెట్టుమీద కూర్చొని ఫోనులో తలదూర్చి ఉంటున్నాడు. అంతకన్నా ఘోరం, కనికట్టును దైవాద్భుతంగా చూపి అమాయకుల జేబులు తడమడం. కిటుకు విప్పిచెప్పిన బోస్కో ఎక్కడ, కిటుకును మహిమగా అమ్ముకునేవాడెక్కడ? వినోదాన్ని ఎరగా వాడుకునేవాడికి చేప చిక్కితే చిక్కవచ్చు, స్నేహితుడు మాత్రం చిక్కడు.

ఈ పతనాన్ని అందరికంటే ముందు పసిగట్టింది డాన్ బోస్కోయే. 1884 మే 10న రోము నుంచి రాసిన ఉత్తరంలో ఆయన తన కలలో కనిపించిన రెండు ఆటస్థలాలను వర్ణించారు: మొదటిదానిలో పెద్దలూ పిల్లలూ కలిసి కేరింతలు కొడుతున్నారు, రెండవదానిలో పిల్లలు గోడవారగా నీరసంగా నిలబడి ఉంటే పెద్దలు తమలో తాము కబుర్లు చెప్పుకుంటూ పచార్లు చేస్తున్నారు. పిల్లలను ప్రేమిస్తే సరిపోదు, తాము ప్రేమ పొందుతున్నామని ఆ పిల్లలకు తెలియాలి అన్నది ఆ ఉత్తరం సారాంశం. ముందు వారికి ఇష్టమైన ఆటను తాము ఇష్టపడితేనే, తమకు ఇష్టమైన ప్రార్థనను వారు ఇష్టపడతారన్న లోకజ్ఞానం అందులో ఉన్నది.

కనుక ఏ మతంలోనైనా సేవకు బయలుదేరే యువకులకూ, వారిని తయారుచేసే పెద్దలకూ విన్నవించవలసినది ఇదే. శిక్షణ కేంద్రాల్లో గ్రంథాలతోపాటు ఒక వాద్యమో, ఒక ఆటో, నలుగురిని నవ్వించగల ఒక కళో తప్పనిసరిగా నేర్పించండి. నేర్చినదాన్ని అద్దె మనుషులకు అప్పగించకుండా మీరే ఆటలో దిగండి. డాన్ బోస్కోను 1934లో పునీతుడిగా ప్రకటించినప్పుడు ఆయన ప్రార్థనలతోపాటు ఆయన పిల్లిమొగ్గలూ బలిపీఠం ఎక్కాయన్న సంగతి మరచిపోకండి.