కట్టేసిన డబ్బు తిరిగొస్తుందా?

అక్క కొడుకు ఫోన్ చేశాడు. మియాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు, దాని మీద లోను. రెండేళ్లలో తెల్లాపూర్ వైపు పెద్ద ఇంటికి మారాలని ఆశ. చేతికి ఐదు లక్షల బోనస్ వచ్చింది. "లోన్లో కట్టెయ్యనా, దాచుకోనా మావయ్యా?" పిల్లలు మనల్ని డబ్బు సలహా అడగడమే ఈ రోజుల్లో పండగ. అడిగింది కూడా నాకిష్టమైన గొడవ గురించే.

ఈ కాలమ్ చదివేవాళ్లకి వడ్డీ మీద నా కోపం తెలిసిందే. 50 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ 43,391 రూపాయలు. మొదటి నెల అందులో 35 వేల పైచిలుకు వడ్డీకే పోతుంది. ఐదేళ్లు క్రమం తప్పకుండా 26 లక్షలు కట్టినవాడికి అసలు తగ్గేది ఆరు లక్షల లోపే. ఎన్నిసార్లు రాసినా ఒళ్లు మండే లెక్క ఇది. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్లు ముందే తీర్చేస్తే వేసే జరిమానాని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకుల చేత మాన్పించింది కూడా. ఇంకేం ఆలోచన, కట్టెయ్యరా అనబోయాను.

అంతలో తాతయ్య గుర్తొచ్చాడు. గుడివాడ దగ్గర మా ఊళ్లో ఆయన పేర ఎప్పుడూ ఓ ప్రోనోటు ఉండేది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ధాన్యం డబ్బు రాగానే ఇంటికి కూడా రాకుండా సాహుకారు గుమ్మం ఎక్కేవాడు. నోటు వెనక చెల్లు రాయించాక గానీ కాఫీ ముట్టేవాడు కాదు. చెల్లు పడితే నోటుకి మూడేళ్ల కాలదోషం పట్టదు కాబట్టి సాహుకారుకీ సంతోషమే. ఆయనకి అప్పంటే భయమని ఇంట్లో అందరూ అనుకునేవారు. భయమూ లేదు, పాడూ లేదు. సంక్రాంతికి కట్టిన డబ్బు, మాఘంలో పిల్ల పెళ్లి కుదిరితే అదే గుమ్మంలో అరగంటలో మళ్లీ పుట్టేది. ఈలోపు దాని మీద వడ్డీ నడవదు, అంతే.

బ్యాంకు గుమ్మం అలాంటిది కాదు. మామూలు ఇంటి లోన్లో కట్టిన ఐదు లక్షలు వెనక్కి కావాలంటే టాప్-అప్ లోనని కొత్త దరఖాస్తు, మళ్లీ జీతం స్లిప్పులు. లేదా ఫ్లాటు అమ్ముడుపోవాలి. మావాడికి డబ్బు అవసరమయ్యేదేమో అమ్మకానికి ముందే. కొత్త ఇల్లు కోటీ ఇరవై లక్షలనుకుందాం. 75 లక్షలు దాటే లోనైతే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని నిబంధన. అంటే 30 లక్షలు మన జేబులోంచే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, మరో తొమ్మిది లక్షలు. వాటిని ఇంటి విలువలో కలిపి లోను లెక్కగట్టరు. పాత ఫ్లాటు కొనేవాడు దొరికి, వాడి బ్యాంకు మన బ్యాంకు బాకీ తీర్చి, కాగితాలు చేతులు మారేదాకా ఏ బిల్డరూ ఆగడు.

మరి దాచుకుంటే నష్టమెంత? ఎఫ్‌డీ ఆరున్నర శాతం ఇచ్చినా, 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది నాలుగున్నరే. ఎనిమిదిన్నర లోనుతో పోలిస్తే ఏడాదికి 20 వేలు చొప్పున, రెండేళ్లకి 40 వేలు పోతాయి. నా నోటితో అనడం కష్టంగానే ఉంది గానీ, పోనివ్వచ్చు. అడ్వాన్సు గడువు ముంచుకొచ్చాక మూడు రూపాయల వడ్డీకి ఊరంతా తిరగడం కన్నా అది చవకే. స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ లోనైతే తాతయ్య పద్ధతే నడిచేది: వేస్తే వడ్డీ తగ్గుతుంది, కావాలంటే తీసుకోవచ్చు. మావాడిది ఆ రకం కాదు.

దాచుకోరా అన్నాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. రెండేళ్లంటే ఏ సంవత్సరం, ఏ నెలో చెప్పాలి. చెప్పలేకపోతే ఇల్లు మారడం మాటల్లోనే ఉండి, బోనస్ ఏ కారు షోరూముకో చేరుతుంది. అలాంటప్పుడు లోన్లో కట్టెయ్యడమే మేలు.

"మీ కోడల్ని అడిగి చెప్తా మావయ్యా" అన్నాడు.